మర్యాదకి పోసిన నీళ్లు

మా బావ రంగుల మేస్త్రీ. గోడ పక్కన స్టూలు వేసుకుని బ్రష్షు ఆడించే రకం అనుకునేరు. పెద్ద పెద్ద భవనాల పైకప్పు నుంచి తాళ్లతో దించిన చెక్క మీద కూర్చుని, గాల్లో ఊగుతూ బయటి గోడలకి రంగు వేసే రకం. ఆయన పనిచేసే ఎత్తులో పక్షులకి కూడా ఆయాసం వచ్చి, ఆ చెక్క మీదే కాసేపు కూర్చుని పోయేవట. ఒకసారి బ్రష్షు విదిలిస్తే మబ్బుకి పసుపు మరక అంటిందట, కింద జనమంతా ఎండ వచ్చిందనుకుని బట్టలు ఆరేసుకున్నారట. ఇందులో మబ్బు దాకా మా బావ చెప్పింది, బట్టలు నేను ఆరేశాను. బడి మధ్యలో వదిలేసినవాణ్ణి. లెక్కలు రావుగానీ ఇలాంటివి కలపమంటే నా అంతవాడు లేడు. ఉంటే వచ్చి నా ఎదురుగా కూర్చోమనండి.

అలాంటి మనిషి వంటింటి అటక మీంచి పడ్డాడు.

అక్క పాత సూట్‌కేసు దించమంది. మడత నిచ్చెనకి ఒక కాలు పూర్తిగా తెరుచుకోలేదు. ఆకాశంలో ఊగి ఇల్లు నడిపినవాడు, సింకు పక్కన గచ్చు మీద వెల్లకిలా పడ్డాడు. సూట్‌కేసు ఖాళీది, దానికేమీ కాలేదు. బావకి నడుం పైన వెన్నుపూస విరిగి లోపలి వెన్నుపాము నలిగిపోయింది. ఆపరేషన్ చేసి పూసని నిలబెట్టారు. కాళ్లు నిలబడలేదు. బొడ్డు కింద నుంచి చల్లన లేదు, వెచ్చన లేదు. మూత్రం వస్తున్నట్టు కూడా తెలియదు. వచ్చాక తెలుస్తుంది, అదీ బట్ట చూసి.

అక్కడి నుంచి ఆయన్ని ఇంకో చోటికి పంపారు. పైకి ఆసుపత్రిలా ఉంటుందిగానీ నిజానికి అది బడి. దెబ్బతిన్న ఒంటితో మళ్లీ ఎలా బతకాలో అక్కడ నేర్పుతారు. అక్కకి బట్టల షాపులో పని, మానితే కుదరదు. మానడానికి ఏ పనీ లేనివాణ్ణి నేనే కాబట్టి, పగలంతా బావకి తోడు నన్ను పెట్టారు. ఊహ తెలిసినప్పటి నుంచి బడి కనపడితే పక్క వీధి పట్టినవాణ్ణి, చివరికి మా బావ వెన్నెముక పట్టుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టింది.

పొద్దున ఫలహారాలు అయ్యాక చక్రాల కుర్చీలన్నీ ఒక గదివైపు తిరిగేవి. అక్కడ పాఠం చెప్పే నర్సుని వార్డంతా పాఠాలమ్మ అనేవాళ్లు, ఎదురుగానే. కళ్లజోడు దారంతో మెడలో వేలాడేది. ఆవిడ దాన్ని పెట్టుకుందంటే ఎవరికో మూడిందని అర్థం. ఒంటిని ఎంతసేపటికి ఒకసారి అటూ ఇటూ తిప్పాలో, పొడుగు కాడ ఉన్న అద్దంతో పిరుదుల మీద పుండుకి ముందు వచ్చే ఎరుపు లేచిందేమో ఎలా చూసుకోవాలో, కుర్చీలో కూర్చున్నప్పుడు చేతుల మీద లేచి బరువు ఎలా తీసేయాలో చెప్పేది. ఒకరోజు ఒక బెలూన్‌ని కుళాయి దగ్గర నింపి, నిండుగా ఊగుతున్నదాన్ని తెచ్చి టైలరు ఒళ్లో పెట్టింది. కారు గుద్దితే నడుం పోయిన మనిషి ఆ టైలరు. నోరు మాత్రం భద్రంగా ఉంది.

"అమ్మా, పగిలితే నా లుంగీ మీరే ఉతకాలి," అన్నాడు టైలరు.

"పగలదు. నీ లోపల మూత్రం సంచీ కూడా ఇంతే, పగలదు. నిండినా నీకు తెలియదు, అదే ప్రమాదం. టైముకి ట్యూబు వేసి ఖాళీ చెయ్యకపోతే ఆ నీళ్లు వెనక్కి తంతాయి. పైన కిడ్నీలున్నాయి."

"మరి తాగడమే తగ్గిస్తే పోలా?"

పాఠాలమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "ఈ తెలివి మీలో ప్రతివాడికీ ఒకరోజు పుడుతుంది. తక్కువ తాగితే తడవదు అని. నీళ్లు తక్కువైతే లోపల ఉన్నది చిక్కబడుతుంది, మురుగుతుంది, జ్వరం తెస్తుంది. మీ మంచం పక్క జగ్గు పొద్దున నిండుగా ఉండాలి, సాయంత్రానికి ఖాళీ కావాలి. అర్థమైందా?"

అందరికంటే ముందు తల ఊపింది మా బావ. ట్యూబు వేసుకోవడం కూడా అందరికంటే ముందు ఆయనే నేర్చాడు. సన్నటి గీతలు గీసిన చెయ్యి కదా, వణకదు. కానీ ఆ పని చేసుకునేటప్పుడు తెర లాగి, నన్ను తెర బయట నిలబెట్టి, ఎవరైనా వస్తే దగ్గమనేవాడు. ఒకసారి నేను ఎంత గట్టిగా దగ్గానంటే, వార్డులో ఉన్న డాక్టరు పరిగెత్తుకొచ్చి నా గుండె చూశాడు.

ఇళ్లకి వెళ్లాక చూసుకునేవాళ్లు కూడా పాఠానికి రావాలని రూలు. అక్క ఒక పూట సెలవు అడుగుతానంది. బావ ఒప్పుకోలేదు.

"నీకెందుకు ఈ రొష్టు? నీ తమ్ముడు నేర్చుకుంటున్నాడుగా."

"వాడు నేర్చుకున్నది ఇంతవరకూ ఏదైనా ఉందా?" అంది అక్క.

మాట నిజమేగానీ, బావ అసలు కారణం అది కాదు. ఆ గొట్టం, దానికి రాసే జెల్లీ, మూత్రం పట్టే చెంబు అక్క కళ్లపడటం ఆయనకి ఇష్టం లేదు.

ఒక సాయంత్రం అక్కతోపాటు షాపులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. బావ దిండ్లకి ఆనుకుని, తన చెక్క మీద వాలిన పక్షుల కథ మొదలుపెట్టాడు. వాళ్లు నవ్వుతున్నారు. నవ్వుతూనే అందులో ఒకావిడ, మంచం అంచున పెట్టిన చేతిసంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎందుకు తీసిందో ఆవిడ చెప్పలేదు. దుప్పటి మీద తడి సంచీ దాకా పాకింది. బావ ఇంకా పక్షుల గురించే చెబుతున్నాడు, ఆయనకి తెలియదు. అక్క లేచి తన శాలువా తీసి ఆయన మీద కప్పి, "ఇందాక నీళ్ల గ్లాసు నేనే ఒలకబోశాను," అంది.

అప్పుడు తెలిసింది బావకి. కథ అక్కడే ఆపాడు. ఆ పక్షులు ఇప్పటికీ ఆ చెక్క మీదే ఉన్నాయి, ఎగరనివ్వలేదు.

మర్నాటి నుంచి మా బావకి మర్యాద ఎక్కువైంది. ఎవరు పలకరించడానికి వచ్చినా, ముందు తన జగ్గులోంచి గ్లాసు నింపి చేతికిచ్చేవాడు. "ఎండన పడి వచ్చారు, ముందు గొంతు తడుపుకోండి." ఊడ్చే మనిషికి ఇచ్చేవాడు, ఎక్స్‌రేకి తీసుకెళ్లే మనిషికి ఇచ్చేవాడు, నాకైతే అడక్కుండానే ఇచ్చేవాడు. మంచాన పడ్డా మనిషి పద్ధతి మారలేదని వార్డంతా మెచ్చుకుంది. నేనైతే మా ఇంటి మర్యాదల గురించి ఎదుటి వార్డు దాకా వెళ్లి చెప్పుకున్నాను. సాయంత్రానికి జగ్గు ఖాళీ. పాఠాలమ్మ వచ్చి చూసి, బాగుందనుకుని వెళ్లేది. మూత్రం రంగు ముదిరిందేమని ఒకసారి అడిగితే, బలం మాత్రల వల్ల అన్నాడు. ఆ మాత్రలకి ఆ గుణం ఉందట, ఆవిడ నమ్మింది.

ఆ వార్డులో ఇంకో పద్ధతుంది. పాఠాలు వచ్చినవాడి పక్క మంచం మీదికి కొత్తగా వచ్చినవాణ్ణి తెస్తారు. నర్సు చెప్పింది చెవిలో పడుతుంది, అదే దెబ్బ తిన్నవాడు చెబితే లోపలికి దిగుతుందని వాళ్ల ఉద్దేశం. అలా మా బావ పక్కకి వచ్చాడు కొత్త పెళ్లికొడుకు. నిజంగానే పెళ్లయి ఎంతో కాలం కాలేదు. పార్సిళ్లు మోసే బండి మీద వెళ్తుంటే వెనక నుంచి వ్యాను గుద్దింది. రొమ్ము కింద నుంచి స్పర్శ పోయింది, చేతులు మిగిలాయి.

వచ్చినరోజే అడిగాడు, "అన్నా, మీకెలా తగిలింది?"

"పన్నెండో అంతస్తు," అన్నాడు మా బావ.

నేను ఊరుకోవచ్చుగా. "పద్నాలుగు. మధ్యలో ఒక బాల్కనీ పట్టుకుని, అక్కడున్న ముసలావిణ్ణి టైమెంతని అడిగి మరీ పడ్డాడు," అన్నాను.

పెళ్లికొడుకు నవ్వాడు. దెబ్బ తగిలాక నవ్వడం అదే మొదలట. ఆ రోజు నుంచి వాడికి బావ మాటంటే మాటే. పద్నాలుగో అంతస్తు నుంచి పడి బతికిన మనిషికి తెలియనిది ఏముంటుంది?

వాడి భార్య రోజూ మధ్యాహ్నం వచ్చి చీకటి పడేదాకా కూర్చునేది. నన్నూ బావనీ అన్నయ్యగారూ అనేది, నన్ను అలా పిలిచిన మొదటి మనిషి బహుశా ఆ అమ్మాయే. ఆమె వచ్చే వేళకి వాడు తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, కిటికీ తెరిపించేవాడు. ఆమె వంగి ఏమైనా సర్దబోతే భుజాలు బిగుసుకుపోయేవి. ఒకరోజు ఆమె వెళ్లాక బావ మంచంవైపు తిరిగి ఏదో అడిగాడు. బావ గొంతు తగ్గించి చాలాసేపు చెప్పాడు. నేను పక్షుల కథనుకున్నాను.

కాదు. తర్వాత తెలిసింది చెబుతున్నాను. "ఆ అమ్మాయి వచ్చే ముందు నీళ్ల జోలికి పోకు. ఆ అమ్మాయి ఉన్నంతసేపూ ట్యూబు మాట ఎత్తకు, వెళ్లాక వేసుకుందువుగాని. జగ్గు గురించి బెంగ వద్దు, వచ్చినవాళ్లకి మర్యాద చెయ్యి, అదే ఖాళీ అవుతుంది." అదీ మా బావ చెప్పిన పాఠం.

ఒక ఉదయం పెళ్లికొడుకు పళ్లు టకటకమంటున్న చప్పుడు నేను వచ్చేసరికి గుమ్మం దాకా వినపడింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగలేదు. పాఠాలమ్మ వచ్చి ట్యూబు వేసింది. బియ్యం కడిగిన నీళ్లలాంటిది వచ్చింది, ఆగకుండా వచ్చింది, చెంబు మార్చాల్సి వచ్చింది. వాసనకి టైలరు కూడా జోకు వెయ్యలేదు. వాణ్ణి స్ట్రెచర్ మీద పై అంతస్తుకి తీసుకెళ్లారు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చేసరికి పక్క తీసేసిన మంచం ఉంది. పాఠాలమ్మ ఆమెని కూర్చోబెట్టి జ్వరం సంగతి చెప్పి, "నీళ్లు సరిగా తాగుతున్నాడా అమ్మా?" అని అడిగింది.

"ఆయనకి దాహం వెయ్యదండీ. ఆయన జగ్గులోవి నేనే తాగుతాను. బస్సు దిగి నడిచి వస్తానని, రాగానే గ్లాసు నింపి ఇస్తారు. వద్దంటే ఒప్పుకోరు, అయిపోయేదాకా తాగమంటారు." ఆ అమ్మాయి మా బావవైపు తిరిగింది. "ఈ అన్నయ్యగారే నేర్పారట, వచ్చినవాళ్లకి ముందు నీళ్లివ్వాలని. దెబ్బ తగలకముందు కూడా ఇంత ప్రేమగా లేరండీ."

మెచ్చుకుంటూనే చెప్పింది. ఆ మెచ్చుకోలు వింటూ బావ కళ్లెత్తలేదు. పాఠాలమ్మ మా బల్ల మీద జగ్గు చూసింది. నా చేతిలో ఉన్న గ్లాసు చూసింది. కళ్లజోడు మాత్రం పెట్టుకోలేదు.

"మేస్త్రీగారూ, రేపటి పాఠం మీరు చెప్పండి. నీళ్ల గురించి," అని పైకి వెళ్లిపోయింది.

సాయంత్రం అక్క రాగానే బావ, "ఇంటికి పోదాం. ఇక్కడ నేర్చుకోవాల్సింది అయిపోయింది," అన్నాడు.

"ఎవరు పొమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే చాలనిపించింది."

"ఇంటికొస్తే ట్యూబు ఎవరు వేస్తారు?"

"నేనే వేసుకుంటాను."

"జ్వరమొచ్చి చెయ్యి లేవకపోతే?"

"వీడు ఉన్నాడుగా."

అక్క నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను. పక్క మంచం ఎందుకు ఖాళీ అయిందని అడిగింది. మళ్లీ అడిగింది, ఈసారి ఆయన్నే. అప్పుడు బావ మొత్తం చెప్పాడు, షాపు ఆడవాళ్లు వచ్చిన సాయంత్రం నుంచి. గోడకి చెబుతున్నట్టు చెప్పాడు. జగ్గులోంచి తను తాగింది మాత్రలకి సరిపోయినంతేనని చెప్పినప్పుడు, ఆ మిగతాదంతా తాగి బలిసింది నేనే కదా అని నాకు తట్టింది. జోకు నోటిదాకా వచ్చింది, మింగాను.

అక్క తిట్టలేదు. "ఆ రోజు నేను నీళ్లు ఒలికాయన్నాను. మిమ్మల్ని కాపాడాననుకున్నాను," అంది. తర్వాత, "పైన ఆ అబ్బాయికెలా ఉంది?" అని అడిగింది.

"తెలియదు."

"అది తెలుసుకోకుండా ఇంటికెలా వస్తారు?"

మర్నాడు పాఠానికి వెళ్లేటప్పుడు బావ కుర్చీని నేను తోయలేదు, అక్క తోసింది. షాపుకి సెలవు పెట్టింది. గదిలో అందరూ ఉన్నారు. ఒక కుర్చీకి సరిపడా ఖాళీ ఉంది, దానివైపు ఎవరూ జరగలేదు. పాఠాలమ్మ వెనక్కి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడింది.

మా బావకి మాటలు తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

"నేను నీళ్లు తాగలేదు," అన్నాడు. "జగ్గు ఖాళీ చేశానుగానీ తాగలేదు. అందరికీ పోశాను. మీరంతా తాగినవి నావే."

"మర్యాద అనుకున్నాం కదా మేస్త్రీ," అన్నాడు టైలరు.

"తడుస్తుందని. ఆడవాళ్ల ముందు తడిసింది ఒకసారి. ఆ తర్వాత భయం పట్టుకుంది. పక్క మంచం అబ్బాయికి కూడా అదే నేర్పాను. వాడు పైన ఉన్నాడు. లోపలి మురుగు కిడ్నీ దాకా పోయిందట."

"పద్నాలుగో అంతస్తు నుంచి పడ్డవాడివి, తడికి భయపడ్డావా?"

టైలరు ఎగతాళికే అన్నాడు, కానీ బావ దానికి కూడా జవాబు చెప్పాడు. "అంతస్తు లేదు. వంటింటి అటక. సూట్‌కేసు కోసం ఎక్కాను."

ఎవరో ఒకరు నవ్వుతారని చూశాను, నవ్వితే బావకి కాస్త తేలికయ్యేది. ఎవరూ నవ్వలేదు. టైలరు తన దుప్పటి సర్దుకుంటూ, "నా జగ్గు కిటికీలోంచి పోతోంది," అని నెమ్మదిగా అన్నాడు. "కింద మొక్కలేం లేవు, సిమెంటే."

పాఠాలమ్మ గోడ దగ్గర నుంచి వచ్చి, ఏమీ జరగనట్టే, నీళ్లు గుటక గుటకగా రోజంతా ఎలా తాగాలో, ఏ వేళకి ట్యూబు పడాలో మొదటి నుంచి మళ్లీ చెప్పింది. తడవడం ట్యూబు వేళలు తప్పితే ఎక్కువవుతుందనీ, వేళలు కుదిరితే తగ్గుతుందనీ, అప్పటికీ తడిస్తే బట్ట మార్చుకోవడమే తప్ప అందులో ఇంకేమీ లేదనీ చెప్పింది. తర్వాత ట్యూబు వేళకి వార్డులో బావ మంచం చుట్టూ తెర లాగించింది. తెర లోపలికి వెళ్లేముందు బావ నన్ను దగ్గమనలేదు. అక్కవైపు తిరిగి, "రా," అన్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. లోపల ఏమనుకున్నారో నాకు తెలియదు. బయటికొచ్చాక అక్క చేతులు కడుక్కుంటూ చాలాసేపు కుళాయి దగ్గరే ఉండిపోయింది.

జ్వరం దిగిందని కబురొచ్చాక పైకి వెళ్లాం, నేను, అక్క, కుర్చీలో బావ. మందు పట్టిందిగానీ కిడ్నీకి మచ్చ మిగులుతుందో లేదో కొన్నాళ్లయితేగానీ చెప్పలేమన్నారట. పెళ్లికొడుకు దిండు మీద తల ఆనించి ఉన్నాడు. పౌడరు లేదు. మొహం ఇంత చిన్నదైపోయింది. భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచిందిగానీ, అన్నయ్యగారూ అనలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు బావ.

"పర్లేదండీ."

అంతకుముందు దాకా అన్నా అన్నవాడు. బావ కుర్చీ చక్రాల మీద చేతులు పెట్టుకుని, "నేను చెప్పింది తప్పు," అన్నాడు.

"తెలుసండీ. నర్సమ్మ చెప్పింది."

"నీళ్ల సంగతీ, ట్యూబు సంగతీ, రెండూ తప్పే. తెలిసే చెప్పాను. పాఠంలో నేనూ విన్నానుగా."

నేను ఏదో ఒకటి అల్లి వాతావరణం తేలిక చేద్దామనుకున్నాను. అంత పేరున్న నా నోట్లో ఒక్క ముక్క పుట్టలేదు.

"ఒకటి అడగనా?" అన్నాడు పెళ్లికొడుకు.

"అడుగు."

"మీకూ తడిసేదా?"

బావ ఒకసారి చుట్టూ చూశాడు. అక్క ఉంది, ఆ అమ్మాయి ఉంది. "తడిసేది," అన్నాడు. "నీళ్లు మానేసినా తడిసేది. వీడు బట్టలు మార్చేవాడు."

"నాకొక్కడికే అనుకున్నాను," అన్నాడు వాడు. కోపంగా అనలేదు. "ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది కదండీ. ఇంకేమీ చెప్పక్కర్లేదు."

అంతలో అక్కడి నర్సు ట్రే పట్టుకుని వచ్చింది, ట్యూబు వేళయింది, బయటికి వెళ్లమంది. ఆ అమ్మాయి కూడా మాతో కదలబోయింది. పెళ్లికొడుకు ఆమె కొంగు పట్టుకోలేదుగానీ, "నువ్వుండు," అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

తెర పడింది. మేం ఇవతల మిగిలాం. బావ తల వంచుకుని తన మోకాళ్లవైపు చూస్తున్నాడు. వెళ్దామని ఆయన అనలేదు, అక్క కుర్చీ కదపలేదు. తెర అవతల ఆ అమ్మాయి, చేతులు ముందు ఎక్కడ కడుక్కోవాలని నర్సుని అడుగుతోంది.